లెక్క తప్పిన నాలుగు గెలాక్సీలు

సారపాక కాగితం మిల్లులో లారీలు తూచే కాటా దగ్గర కాశయ్య కాంట్రాక్టు పనివాడు. ఆయనకు హైమ ఒక్కతే కూతురు. జామాయిల్ కర్ర లారీలు లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి తూగడం చూస్తూ పెరిగిన ఆ పిల్ల, హైదరాబాదులో పీహెచ్‌డీలో చేరి గెలాక్సీల బరువు తేల్చే పని పట్టుకుంది.

సుడిగెలాక్సీ ఏ కాటా మీదకూ ఎక్కదు. దాని వెలుగు రంగును బట్టి అందులో ముసలి నక్షత్రాలెన్ని, పడుచువెన్ని అని ఒక నమూనా అంచనా కడుతుంది. అంత వెలుగుకు ఎంత బరువుండాలో ఆ అంచనాను బట్టే తేలుతుంది. హైమ అలా అరవై గెలాక్సీలను తూచింది. నాలుగింటి దగ్గర లెక్క అడ్డం తిరిగింది. గెలాక్సీ తిరిగే వేగాన్ని బట్టి వచ్చిన మొత్తం బరువు కన్నా, అందులోని నక్షత్రాల బరువే ఎక్కువ వచ్చింది.

ఆ నాలుగూ తీసేసి థీసిస్ ఇచ్చెయ్యమన్నాడు గైడు జయప్రకాశ్. ఇరవై ఏళ్లుగా ఆయన పేపర్లన్నీ ఆ నమూనాతో రాసినవే. మసక నక్షత్రాలు లెక్కలేనన్ని ఉంటాయని ఆ నమూనా ముందే అనుకుంటుంది. వెలుగు అంతంతే అయినా బరువులో పెద్ద వాటా వాటిదే. అన్ని లేవేమోనని హైమ అనుమానం.

"లారీతో కలిపి తూచినదాని కన్నా లోడు బరువే ఎక్కువొస్తే, లారీని ఎల్లగొడ్తమా సార్? కాటాను చూస్తం," అంది.

ఆయన ఆమె ఆ ఏడాది పరిశోధన రిపోర్టు మీద సంతకం పెట్టలేదు. దాంతో హాస్టల్ గది పోయింది. హైమ ఇంటికొచ్చి, భద్రాచలంలో ఒక కాలేజీలో పొద్దున పాఠాలు చెబుతూ పని సాగించింది.

"సారు చెప్పినట్టు ఇంటే ఏం పోతది బిడ్డా?" అన్నాడు కాశయ్య.

"నాలుగు గెలాక్సీలు పోతయ్ నాయినా. అవి ఉన్నయ్ గద."

మర్నాడు కాశయ్య తన మంచం వసారాలోకి జరుపుకుని, ఆ గదిలో ఆమె పనికి బల్ల వేయించాడు.

మసక నక్షత్రాల సంఖ్య తగ్గించి ఆమె అన్నిటినీ మొదటి నుంచి తూచింది. అరవైకి అరవై తేలికయ్యాయి. ఒక్కటీ తిరిగే వేగం చెప్పిన బరువును దాటలేదు. అప్పుడు యూనివర్సిటీ పరిశోధన కమిటీ ముందు మాట్లాడనివ్వమని పట్టుబట్టింది. జయప్రకాశ్ ముందు వరుసలోనే కూర్చున్నాడు. ఇంతమంది వాడిన నమూనా తప్పంటావా అని ఒక పెద్దాయన అడిగాడు.

"అవ్ సార్. ఈ గెలాక్సీలకు తప్పే."

కమిటీ ఆమెకు ఇంకో గైడును ఇచ్చింది. డిగ్రీ రెండేళ్లు ఆలస్యంగా వచ్చింది. థీసిస్ మొదటి పట్టికలో పైన ఉన్నవి ఆ నాలుగే. ఇప్పుడు ఎక్కడైనా జయప్రకాశ్ ఎదురైతే హైమ నమస్కారం పెడుతుంది. ఆయన తల తిప్పుకుంటాడు. ఆమె పెట్టడం మాత్రం మానలేదు.