గంజి కలిపిన ఫినాయిల్

సూరత్‌లోని ఆల్థాన్‌లో నేను అద్దెకుంటున్న గదిలో నేల తుడిచే మందు సీసా మూత తీసినప్పుడల్లా నిమ్మకాయ వాసన వస్తుంది. ఆ సీసా ఏనాడూ నిమ్మకాయ మొహం చూసి ఉండదు. అయినా ఆ వాసన తగలగానే లింబాయత్‌లోని మా పాత ఇల్లు, లాక్‌డౌన్ నాటి ఎండాకాలం గుర్తొచ్చి, తుడుపుగుడ్డ పట్టుకుని ఒక్కదాన్నే నవ్వుకుంటాను.

అప్పుడు నాకు పదమూడేళ్లు. మరమగ్గాల కార్ఖానా మూతపడి బాపు ఇంట్లో కూర్చున్నాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చి, అన్నం తిని పడుకునే మనిషి. మగ్గాల మోతలో బతికినవాడు కనుక ఉప్పు కావాలన్నా వీధి చివరిదాకా వినిపించేలా అడిగేవాడు. అలాంటివాడు మోత ఆగగానే మాట కూడా ఆపేశాడు. మామిడికాయ పప్పు పెట్టినా, మేం అష్టాచెమ్మాకు పిలిచినా గోడవైపు తిరిగి పడుకునేవాడు. అలా ఎనిమిది రోజులు గడిచాయి. బాపు ఇక మాట్లాడడేమోనని నాకు నిజంగా భయమేసింది.

అమ్మ భయం వేరు. కొత్తిమీర కట్టను కూడా సబ్బునీళ్లలో ముంచి తీసే రోజులవి. దుకాణంలో ఫినాయిల్ అయిపోయిందని తెలిసి ఆమె తల పట్టుకుని కూర్చుంటే, నానమ్మ కొంగు బిగించింది. కిరాణా కొట్లో అరీఠా అని అడిగి కుంకుడుకాయలు తెప్పించి, గింజలు తీసి నానబెట్టి, నిమ్మతొక్కలు, వేపాకు, గుప్పెడు ఉప్పు వేసి మరిగించి, చల్లారాక పిసికి, పాత పంచెతో వడకట్టింది. ఇల్లంతా తలంటు వాసన. నురగ కళ్లలో పడి నేను ఏడుస్తుంటే, ఆ గొడవకు బాపు లేచొచ్చి గిన్నెలో వేలు ముంచి, బొటనవేలితో రాసి చూశాడు.

"పల్చగున్నది. గిట్ల నీళ్లలెక్క ఉంటే ఏం పట్టుకుంటది? జర గంజి పొయ్యాలె," అన్నాడు మెల్లగా.

ఎనిమిది రోజుల తర్వాత తొలి మాట అది. మగ్గం మీద నిలువునా పరిచే పడుగు నూలుకు గంజి పట్టించే పనితో బతుకు మొదలుపెట్టిన బాపు దృష్టిలో, గంజి లేనిదేదీ గట్టిది కాదు. నేలకు గంజేమిటని నానమ్మ అడగబోతే అమ్మ మోచేత్తో పొడిచింది. ఆ రోజు బాపు అడిగితే అమ్మ అందులో పాయసమైనా పోసేది.

బాపు తనే బియ్యం ఉడికించి, ఉండ కట్టకుండా గంజి కాచి కలిపాడు. పాత సోడా బాటిళ్లలో నింపి, మూతికి తువ్వాలు కట్టుకుని, మా బిల్డింగులోని ఆరిళ్ల గడపల ముందూ పెట్టొచ్చాడు. పైన ఉండే ఇంటి ఓనరు కోకిలా బెన్‌కైతే రెండు బాటిళ్లు. వచ్చి రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు.

తుడిచిన నేల గంటసేపు తళతళలాడింది. తర్వాత ఆరింది. చెప్పులు చర్రుమంటూ ఊడివస్తున్నాయి. అష్టాచెమ్మా గవ్వలు పడ్డచోటే అతుక్కుపోతున్నాయి. ఆ తర్వాత సూరత్‌లోని చీమలన్నీ మా ఇంటికే విందుకొచ్చాయి. ఎవరైనా వచ్చి ఒక్క మాటన్నా బాపు మళ్లీ గోడవైపు తిరుగుతాడని, ఆయన కంటపడకుండా నేను తడిగుడ్డతో చీమలను తుడుస్తూనే ఉన్నాను.

సాయంత్రం కోకిలా బెన్ దిగొచ్చింది. చేతిలో ఆమె తుడుపుగుడ్డ ఎండి అట్టలా బిగుసుకుపోయి ఉంది. మా గడపలో దాన్ని నిలబెట్టింది. అది నిలబడింది.

"మల్లేశ్ భాయ్, యే క్యా బనాయా?" అంది.

నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి బాపు ఆ గుడ్డను అటూ ఇటూ తిప్పి, అంచు లాగి, వేళ్ల మధ్య నలిపి చూస్తున్నాడు. పడుగుకు పెట్టే గంజిలో నూలు విరగకుండా కాస్త నూనె కలుపుతారు. బాపు చాలా గంభీరంగా అమ్మవైపు తిరిగాడు.

"గంజి మంచిగనే పట్టింది. నూనె తక్కువైంది."

ముందు అమ్మ నవ్వింది. ఆ మాట అర్థం కాకపోయినా కోకిలా బెన్ నవ్వింది. చివరికి బాపు గుడ్డ పట్టుకుని గడపమీద కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఆయన నవ్వగా నేను చూడటం అదే మొదలు.

మర్నాడు ఆరిళ్ల నేలలూ వేడినీళ్లతో ఆయనే కడిగాడు. నేను బకెట్లు మోశాను. కడుగుతూ, మా తాత గంజి ఎలా కాచేవాడో, తను మొదటిసారి కాచినప్పుడు ఎలా మాడ్చాడో నాకు మెల్లమెల్లగా చెప్పాడు. ఆ తర్వాత లాక్‌డౌన్ ముగిసేదాకా నానమ్మ చేసిన పల్చటి నీళ్లే వాడాం.

ఇప్పుడు నానమ్మ లేదు. మా ఇంట్లో కుంకుళ్లు నానబెట్టేవాళ్లూ లేరు. మగ్గాలు తిరిగాయి, బాపు గొంతు మళ్లీ పెరిగింది. మొన్న ఫోన్ చేసి, నా సీసాలోది మంచి చిక్కగా ఉంది, గంజి కలిపారేమో అన్నాను. "ఏందీ? వినొస్తలేదు," అని మోతలోంచి అరిచాడు. రెండుసార్లు చెప్పి, ఏం లేదులే బాపూ అని పెట్టేశాను.

ఆ మెల్లని గొంతు మళ్లీ వినాలని ఉంటుంది. వినాలంటే మగ్గాలు ఆగాలి. ఆగొద్దనే మొక్కుకుంటాను.