దువ్వాడ నుంచి వన్ టౌన్‌కి, ఒక తడి దుప్పటి కోసం

మే నెలలో విశాఖ వన్ టౌన్ వెళ్ళాలంటే గట్టి కారణం ఉండాలి. నా కారణం పేరు అప్పలరాజు మావయ్య. మా అమ్మకు అన్న. పద్దెనిమిదేళ్ళు ఎడారి దేశంలో మేడలకు ఇనుప చువ్వలు కట్టి వచ్చిన మనిషి. ఆ రోజు పొద్దున్న ఏడింటికి పైడితల్లి అత్త ఫోన్ చేసింది.

"అల్లుడూ, మీ మావయ్య తలుపులు, కిటికీలు మూసీసి, తడి దుప్పట్లు ఏలాడదీసి కూకున్నాడు. నిన్న నన్ను సూపర్‌వైజర్ గారూ అని పిలిసినాడు."

"ముప్పై ఏళ్ళకి నిజం తెలిసిందన్నమాట," అన్నాను.

అత్త నవ్వలేదు. అత్త నవ్వలేదంటే బయల్దేరాల్సిందే. కిందటేడు మా కాలనీ వాచ్‌మన్ కూడా ఎండలో ఇలాగే పొంతన లేకుండా మాట్లాడాడు. అందరం నవ్వాం. సాయంత్రానికి పోయాడు.

ఎనిమిదిన్నరకి దువ్వాడ స్టేషన్‌లో ఉన్నాను. మా కాలనీ ఉన్నచోట ఒకప్పుడు జీడితోటలుండేవట. చెట్లు కొట్టేసి వాటి పేర్లు అపార్ట్‌మెంట్లకు పెట్టారు. నీడ పెట్టడం మర్చిపోయారు. ఇక్కడి నుంచి విశాఖ అరగంట ప్రయాణం. ఊరి బయట సిగ్నల్ దగ్గర రైలు నిలబడే సమయాన్ని ఇందులో కలపలేదు.

అనుకున్నట్టే తొమ్మిదింబావుకి అక్కడ ఆగింది. పెట్టె కాలిన పెనంలా ఉంది. ఎదురుగా, దువ్వాడలో చేపలమ్ముకుని ఖాళీ బుట్టతో తిరిగి వెళ్తున్న ఒకామె చీర కొంగుతో విసురుకుంటోంది.

"సముద్రం మీద ఎండకి నాను భయపడను నాయనా. ఇళ్ళ మజ్జిన ఎండే మనిసిని తినేత్తాది," అంది.

అలా ఇళ్ళ మధ్య చిక్కుకున్న మనిషి కోసమే వెళ్తున్నానని ఆమెకు చెప్పలేదు.

పది ముప్పావుకి స్టేషన్ బయట షేర్ ఆటో ఎక్కాను. ముగ్గురు కూర్చోవాల్సినచోట ఆరుగురం ఒకరి చెమట ఒకరం పంచుకుంటూ పాత పోస్టాఫీసు దాకా వెళ్ళాం. మావయ్య సందు పేరు చెప్పగానే డ్రైవర్ తల తిప్పాడు.

"ఆ పెద్ద లాడ్జి కట్టినకాడి నుంచి ఆ సందులోకి గాలి కూడా పర్మిషన్ అడిగి రావాలి బావా."

మూడో అంతస్తు ఎక్కి, బయట మెట్ల మీద కూర్చున్న అత్తను పలకరించి, పదకొండుంబావుకి తలుపు తీశాను. ఇడ్లీ పాత్ర మూత తీసినట్టయింది. లోపల ఒకే ఒక్క ఇడ్లీ ఉంది. అది మావయ్య.

"తలుపెయ్‌రా! సల్లదనం పోతాది."

"ఏ సల్లదనం మావయ్యా?"

"నానెక్కడి నుంచొచ్చినాను? అక్కడ ఇసకలో గుడ్డెడితే ఉడికిపోద్ది. ఈ ఎండ నాకేటి లెక్క?"

చెయ్యి పట్టుకుంటే కాలుతోంది. తడి దుప్పట్లు ఎడారిలో కూలీల క్యాంపులో నేర్చుకున్న పద్ధతి: కిటికీకి తడి దుప్పటి కట్టడం, పది నిమిషాల్లో ఆరిపోతే మళ్ళీ తడపడం, గది చల్లబడటం.

"ఇదెప్పుడు తడిపినావు?" అన్నాను.

"పొద్దున్న ఆరింటికి."

టైము చూపించాను. మావయ్య లేచి దుప్పటి మూల పిండాడు. నీళ్ళు ధారగా కాళ్ళ మీద పడ్డాయి.

"ఆరనేదేటి?" అని దుప్పటినే అడిగాడు.

"ఇక్కడి గాలే తడి గుడ్డ మావయ్యా. దుప్పటే ఆరకపోతే నీ చెమటెలాగ ఆరుద్ది?"

ఇది సైన్సేం కాదు. విశాఖలో బట్టలారేసే ప్రతి ఇల్లాలికీ తెలిసిన సంగతి. అత్త వారం నుంచి చెబుతోందట. అత్తకు పాస్‌పోర్టు లేదు గనుక ఆమె మాట చెల్లలేదు.

మావయ్య మంచం మీద కూలబడ్డాడు.

"క్యాంపులో నా పక్క మంచపోడు సింహాచలంగాడు నేర్పినాడ్రా నాకీ దుప్పటి పని. మేం ఎల్లిన కొత్తలో ఆ ఊరు పొద్దు గూకితే సల్లబడిపోయీది. తర్వాత మేమే క్యాంపు సుట్టూ మేడలు లేపినాం. పగలంతా ఎండ తాగి, పొద్దు గూకినాక మా మీద కక్కీవి. ఓ రోజు దుప్పటి తడుపుకుని పడుకున్న సింహాచలంగాడు తెల్లారి లెగనేదు. కంపెనీవోడు గుండెజబ్బని రాసినాడు."

కిటికీ తెరిచాను. చెయ్యి చాస్తే లాడ్జి గోడ తగిలింది. మావయ్య దాన్ని కాసేపు చూసి, "సువ్వలు బాగానే కట్టుంటారు," అన్నాడు.

మా ఇంటికి వచ్చెయ్యమని పోరితే కొంతసేపటికి ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద.

"ఈ దుప్పటి ఆరిందాకా మీ ఇంట్లో ఉంతాను. ఆరిన మర్నాడే వచ్చీత్తాను. ఎడారి సూసినోణ్ణి, సుట్టాలింట్లో పడుండలేను."

దారిలో డాక్టర్‌కి చూపించాం. రెండు సెలైన్ సీసాలు ఎక్కించి, ఇంకో రోజు ఆగుంటే తన దగ్గరికి తెచ్చే పనుండేది కాదన్నాడు. కాస్త ఓపిక రాగానే మావయ్య అత్తను పేరు పెట్టి పిలిచాడు. "సూపర్‌వైజర్‌గానే బాగున్నాను," అని అత్త గొణిగింది గానీ, కళ్ళు తుడుచుకుంది.

నాలుగున్నర రైలుకి ముగ్గురం, ఒక బకెట్టు ఎక్కాం. షరతు గల దుప్పటి బకెట్లో ఉంది.

"సేపలేటి?" అన్నాడు పక్క సీటాయన.

"కాదండి, దుప్పటి."

ఆయన కొంచెం జరిగి కూర్చున్నాడు.

దారి పొడవునా కొత్త మేడలే. మావయ్య మజ్జిగ తాగుతూ ఒక్కోదాన్ని చూసి పెదవి విరుస్తున్నాడు. నా తర్వాత ఆ దారిన వెళ్ళేవాళ్ళకు చెప్పేది ఇంతే: పదిలోపు చేరండి, నీళ్ళు పట్టుకెళ్ళండి, మూసిన తలుపు కనిపిస్తే కొట్టండి. లోపలున్నది ఎంత పెద్ద వీరుడైనా సరే.

రైలు మళ్ళీ సిగ్నల్ దగ్గర నిలబడటంతో ఆరున్నరకి దువ్వాడలో దిగాం. చెయ్యి కడుక్కొస్తానని అత్త ప్లాట్‌ఫాం కుళాయి దగ్గర ఆగింది. బకెట్టు కూడా పట్టుకెళ్ళింది. మావయ్య ముందు నడుస్తున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే, అత్త సీసా నింపి నింపి దుప్పటి మీద పోస్తోంది.

నన్ను చూసి నవ్వింది.