పదో హోల్ నేరేడు చెట్లు, నేనిచ్చిన తీర్పు

ఉప్పల్‌కు మెట్రో రైలు వచ్చిన మరుసటి సంవత్సరం ఏప్రిల్‌లో, చెంగిచెర్ల అవతల ఉన్న ఒక రిసార్ట్ గోల్ఫ్ కోర్సులో సూపరింటెండెంట్‌గా చేరాను. అంతకు ముందు పద్దెనిమిదేళ్లు వ్యవసాయ పరిశోధనలో పశుగ్రాసాల మీద పనిచేశాను. గేదెలు తినే గడ్డి నుంచి పెద్దమనుషులు తొక్కే గడ్డికి ప్రమోషన్ వచ్చిందని మా నాచారం వీధిలో అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, రెండో గడ్డిని పెంచడమే కష్టం.

సూపరింటెండెంట్ అంటే ఆటకు సంబంధించిన ఉద్యోగం అనుకుంటారు. కాదు, నేలకు సంబంధించిన ఉద్యోగం. నా కింద ఒక హెడ్ మాలీ, పద్నాలుగు మంది మాలీలు. నేను ఇంటి దగ్గర ఐదింటికి స్కూటీ తీస్తే, ఉప్పల్, బోడుప్పల్ దాటి వెళ్లేసరికి వాళ్లు గ్రీన్ల మీద మంచు దులుపుతుండేవారు. గ్రీన్ అంటే జెండా, గుంత ఉండే చివరి పచ్చిక. దాన్ని రోజూ నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరించాలి. ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా ఎనిమిదింటికల్లా నా ఫోను మోగేది. అన్నీ సరిగ్గా ఉన్న రోజున మాత్రం నన్ను పలకరించిన పాపాన పోయినవాడు లేడు.

కోర్సు అందంగా ఉండేది, ఆ మాట మొహమాటం లేకుండా చెప్తాను. దారి పొడవునా వేపలు, కానుగలు, వేసవిలో పసుపుపచ్చగా పూసే రేల చెట్లు. విశాలంగా కనిపించేది గానీ బలంతో ఆడేవాళ్లకు లొంగేది కాదు. ప్రతి హోల్‌లోనూ, అంటే మొదటి దెబ్బ కొట్టే చోటు నుంచి గుంత దాకా ఉండే ఒక్కో దారిలోనూ, బంతి ఎక్కడ ఆగాలో ముందే ఆలోచించుకుని, అక్కడికి సరిపడా మాత్రమే కొట్టాలి. అందులోకి పదో హోల్ మరీను. అది పార్ నాలుగు, అంటే మంచి ఆటగాడు నాలుగు దెబ్బల్లో బంతిని గుంతలో వేయాలని లెక్క. దారి రెండు వందల గజాలు తిన్నగా పోయి ఎడమకు తిరుగుతుంది. సరిగ్గా ఆ మలుపు లోపల తొమ్మిది నేరేడు చెట్లు. కోర్సు కట్టకముందు నుంచీ ఉన్నవి. రెండు చేతులూ చాపినా కౌగిలికి అందని మానులు. నాకు ఆ కోర్సులో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే, మధ్యాహ్నం అన్నం డబ్బా అక్కడే విప్పేదాన్ని.

ఆ చెట్లంటే గిట్టని మనిషి సుధాకర్ రావు గారు. నాచారం పారిశ్రామికవాడలో అట్టపెట్టెల ఫ్యాక్టరీ ఆయనది. మంచి మనిషి, గట్టి గొంతు, అంతకంటే గట్టి చెయ్యి. మలుపు చుట్టూ తిరగడం ఆయనకు నామోషీ. ప్రతి వారం డ్రైవర్ తీసి, అంటే సంచిలోని అన్నిటికన్నా పొడవైన కర్ర తీసి, చెట్ల మీదుగా అడ్డదారిన కొట్టేవారు. ప్రతి వారం బంతి కొమ్మలకు తగిలి కిందపడేది. "మేడం, నేను ఆడేది గోల్ఫా, నేరేడుపండ్లు రాల్చుడా?" అని నన్నే నిలదీసేవారు. చెట్లు ఆయన బంతికి అడ్డం రావడం లేదనీ, ఆయన బంతే వాటికి అడ్డం వెళ్తోందనీ నేను జవాబు చెప్పాను. ఆయన అక్కడితో ఊరుకోక ఇంకో నలుగురు మెంబర్లను కూడగట్టి చైర్మన్ గారికి ఉత్తరం రాశారు.

రెండో ఏడాది మే నెలాఖరున నేను సెలవులో ఉన్న వారం, చెట్లు కొట్టడానికి అనుమతి కాగితం వచ్చేసింది. తిరిగొచ్చి చూస్తే తొమ్మిది మానుల మీదా తెల్ల రంగుతో ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు వేసున్నాయి. నాకు ఒళ్లు మండింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది, దాచుకోవాల్సిన పనేం లేదు. తిన్నగా చైర్మన్ గారి గదికి వెళ్లాను. ఆయన శాంతంగా, "మెంబర్ ఖుషీగ ఉండాలె గద మేడం. చెట్టు మెంబర్‌షిప్ తీస్కోదు గద," అన్నారు. సోమవారం రంపం వాళ్లు వస్తున్నారట.

ఆ హోల్‌ను చెట్ల మీదుగా కాదు, చెట్లను గౌరవించి ఆడాలని ఎంత చెప్పినా ఆయనకు ఎక్కలేదు. చివరికి విసిగిపోయి, మన యాదగిరి డ్రైవర్ ముట్టకుండా, ఇనుప తలకాయ ఉన్న పొట్టి ఐరన్ కర్రలతో ఆడి సుధాకర్ రావు గారిని ఆ హోల్‌లో ఓడించగలడని అనేశాను. చైర్మన్ గారికి తమాషా అంటే ప్రాణం. కుర్చీలో ముందుకు వంగారు. శనివారం పొద్దున ఒక్క పదో హోల్ మీదే మ్యాచ్ పెడదామన్నారు. "ఎవలు గెలిస్తే వాళ్ల మాటే నడుస్తది. సుధాకర్ గెలిస్తే చెట్లు పోతయి, యాదగిరి గెలిస్తే ఉంటయి. మళ్ల నా తాన పంచాయితీ వద్దు," అన్నారు.

యాదగిరి మా కేడీ మాస్టర్. కేడీ అంటే ఆటగాడి సంచి మోస్తూ, దూరం చెబుతూ, ఏ దెబ్బకు ఏ కర్ర వాడాలో సలహా ఇచ్చే మనిషి. అలాంటి ముప్పై మందికి యాదగిరి పెద్ద. ఊరు చెంగిచెర్ల. ఇక్కడా, అంతకు ముందు నగరంలో మరో కోర్సులోనూ కలిపి ఇరవై ఏళ్ల అనుభవం. సోమవారం కోర్సుకు సెలవు, ఆ పూట కేడీలు ఆడుకోవచ్చని మా దగ్గర ఆనవాయితీ ఉండేది. మెంబర్లు పారేసిన పాత కర్రలతో యాదగిరి ఆడే ఆట చూసి నేను చాలాసార్లు పని మరిచిపోయాను. సంగతి చెప్పగానే, "ఫికర్ జెయ్యకున్రి మేడం. గా హోల్ల ఏ గుంత యాడుందో నాకు ఎరుకే," అన్నాడు.

రిఫరీగా నన్నే ఉండమన్నారు. గోల్ఫ్ నియమాల పరీక్ష పాసైనదాన్ని ఆ క్లబ్బులో నేనొక్కదాన్నే. చెట్ల తరఫు మనిషినే రిఫరీగా పెడతారా అని నేనే అడిగాను. సుధాకర్ రావు గారు పెద్దగా నవ్వి, మేడం గడ్డి విషయంలో తప్ప ఎక్కడా అబద్ధం ఆడదు అన్నారు. ఒక షరతు మాత్రం నేను పెట్టాను: ఎవరికీ కేడీ ఉండకూడదు, ఎవరి బుర్ర వాళ్లే వాడుకోవాలి. కేడీ లేకపోతే చెట్ల కింద చిక్కుకున్నాక కూడా ఆయన తప్పు కర్రే తీస్తారని నా లెక్క. నా తెలివి తగలెయ్య, ఆ షరతే కొంప ముంచింది.

శనివారం పొద్దున ఏడింటికి చైర్మన్ గారు, పదిమంది మెంబర్లు, కేడీలు, మా మాలీలు అందరూ పదో హోల్ దగ్గరికి చేరారు. సుధాకర్ రావు గారు ముందు కొట్టారు. ఎప్పటిలాగే డ్రైవర్, ఎప్పటిలాగే చెట్ల మీదికి. బంతి నాలుగో నంబరు మానుకు తగిలి దాని మొదట్లోనే పడింది. మా మాలీలు చప్పట్లు కొట్టబోతే కళ్లెర్రజేశాను. ఐరన్లలో నంబరు తగ్గేకొద్దీ కర్ర పొడవు, దెబ్బ దూరం. యాదగిరి ఐదో నంబరు తీసి, తొందరపడకుండా, మలుపు దగ్గర గడ్డి మధ్యలో బంతిని పెట్టాడు. అక్కడి నుంచి గ్రీన్ నూట యాభై గజాలు, కళ్ల ముందే జెండా. నా గుండె కాస్త కుదుటపడింది.

గోల్ఫ్‌లో గుంతకు ఎక్కువ దూరంలో ఉన్నవాళ్లు ముందు ఆడాలి. చెట్ల కింద ఉన్న సుధాకర్ రావు గారిదే వంతు. ఆయన మళ్లీ పొడవు కర్రే తీశారు, కొమ్మల్ని చీల్చుకుని పైకి లేపుదామని. ఆ కర్రతో ఆ చోటు నుంచి బంతి బయటపడే ప్రశ్నే లేదు. మరో దెబ్బ వృథా అవుతుంది, తొమ్మిది చెట్లూ బతుకుతాయి.

అప్పుడు యాదగిరి నోరు విప్పాడు.

"అయ్యో సార్, గది వద్దు సార్! ఆరు నంబర్ తీయున్రి. బంతి జర కుడికాలు దిక్కు వెట్టుకోని, మెల్లగ కొమ్మల కింద్కెళ్లి పోనియ్యున్రి. అవతల జారుడున్నది, నేలనే తీస్కపోతది."

అని ఊరుకున్నాడా? తానే వెళ్లి ఆయన సంచిలోంచి ఆరో నంబరు తీశాడు, భుజం మీది తువ్వాలుతో తుడిచాడు, చేతికిచ్చాడు. ఆయనా కేడీ చేతి నుంచి కర్ర అందుకునే అలవాటు కొద్దీ పొడవు కర్ర యాదగిరి చేతిలో పెట్టి, ఆరో నంబరు అందుకుని, చెప్పినట్టే ఒద్దికగా కొట్టారు. బంతి మోకాలెత్తున కొమ్మల కింద నుంచి దూసుకుపోయి, అవతల వాలులో దిగి, అలా దొర్లుతూ దొర్లుతూ గ్రీన్ ఎక్కి జెండాకు నాలుగడుగుల దూరంలో ఆగింది. చూస్తున్నవాళ్లంతా ముక్కు మీద వేలేసుకున్నారు. అందరికన్నా గట్టిగా "శెబాష్ సార్!" అని అరిచింది యాదగిరే.

ఆట ఆడేవాడు ఎదుటి ఆటగాడికి సలహా ఇవ్వకూడదు. కేడీ అయితే తన ఆటగాడికి ఇచ్చుకోవచ్చు, కానీ ఆ రోజు యాదగిరి కేడీ కాదు, పోటీదారు. ఇలాంటి మ్యాచ్‌లో దానికి శిక్ష ఆ హోల్ కోల్పోవడం. ఉన్నదే ఒక్క హోల్. పైగా మ్యాచ్‌కు నియమించిన రిఫరీ తన కళ్లతో చూసిన తప్పును వదిలేయడానికి వీల్లేదు.

అయితే ఆ నియమం ఆ క్షణాన నాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. చైర్మన్ గారు కేరింతలు కొడుతున్నారు. సుధాకర్ రావు గారు తన చేతుల్ని తానే చూసుకుని మురిసిపోతున్నారు. నేను నోరు మూసుకుంటే ఆట సాగుతుంది, యాదగిరి కూడా గ్రీన్ మీద పెడతాడు, ఏమో, గెలిచినా గెలవచ్చు. నాలుగో నంబరు మాను వైపు చూశాను. చూసి ఉండాల్సింది కాదు, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా చెయ్యెత్తాను. యాదగిరి ఎదుటి ఆటగాడికి సలహా ఇచ్చాడు కాబట్టి హోల్ కోల్పోయాడనీ, మ్యాచ్ సుధాకర్ రావు గారిదనీ తీర్పు చెప్పాను.

యాదగిరి నాలుక కరుచుకున్నాడు. నెత్తి మీద రెండు చేతులూ పెట్టుకుని గడ్డిలోనే కూలబడ్డాడు. "ఆగలే మేడం. తప్పు కర్ర చేతుల వడ్తే సూస్కుంట ఎట్ల ఊకోవాలె?" అన్నాడు. తిట్టబోయి ఆగాను. ఎండిపోతున్న గడ్డిని చూసి నేను మాత్రం ఊరుకోగలనా?

మ్యాచ్ అయిపోయినా సుధాకర్ రావు గారు ఆగలేదు. గ్రీన్ దగ్గరికి దాదాపు పరుగెత్తి, ఆ నాలుగడుగుల బంతిని గుంతలో వేశారు. మూడు దెబ్బలు. పార్ కన్నా ఒకటి తక్కువ, దాన్ని బర్డీ అంటారు. ఆ హోల్‌లో ఆయన ఎప్పుడూ ఆరు కన్నా తక్కువలో ముగించిన మనిషి కాదు. అరవై ఏళ్ల ఫ్యాక్టరీ యజమాని జెండా కర్ర పట్టుకుని గిరగిరా తిరిగారు.

చైర్మన్ గారు నా వైపు కాస్త జాలిగానే చూసి, సోమవారం పని కానిద్దాం అన్నారు. సుధాకర్ రావు గారు తిరగడం ఆపారు.

"ఏం పని?"

"చెట్ల పనే. నువ్వు గెలిచినవ్ గదనే."

"నేను గెలిచిన. గెలిచినోని మాట నడుస్తదన్నవా, లేదా?"

"అన్న."

"అయితే ఇను. ఒక్క కొమ్మ కొట్టొద్దు. చెట్లు లేకుంటే వాటి కింద్కెళ్లి నేనెట్ల కొడ్త? వచ్చే ఆదివారం మా వియ్యంకుణ్ణి దెస్తున్న. గిదే షాట్ చూపెట్టాలె!"

చైర్మన్ గారు నోరెళ్లబెట్టారు. మరుక్షణం అందరూ ఘొల్లున నవ్వారు, అంత నవ్వు ఆ కోర్సులో నేను మళ్లీ వినలేదు. యాదగిరి లేచి ఒళ్లు దులుపుకుని, "సార్, ఆదివారం గాలి ఎదురుంటది, ఐదు నంబర్ తీయాలె," అన్నాడు. ఈసారి ఎవరూ అతన్ని ఆపలేదు. అంకెలు చెరిపించే పని ఆ మధ్యాహ్నమే మాలీలకు అప్పగించాను.

నా తీర్పును అప్పట్లో చాలామంది మెచ్చుకున్నారు. అందులో గొప్పేమీ లేదు. నేను నోరు మూసుకుని ఉంటే మ్యాచ్ గెలుపు సుధాకర్ రావు గారికి ఆ క్షణాన దక్కేది కాదు, చెట్లను ఉంచమనే హక్కూ దక్కేది కాదు. ఇది నాకు ఇంటికొచ్చాక తట్టింది. అంటే నేను పుణ్యం కోసం కాదు, ఉద్యోగం కాబట్టి చేసిన పని కలిసొచ్చింది.

వృత్తిపరంగా నేర్చుకున్నది వేరే. చెట్టు అడ్డం అని వచ్చే ఫిర్యాదు చాలావరకు చెట్టు గురించి కాదు, ఆ హోల్ ఎలా ఆడాలో ఆటగాడికి ఎవరూ చెప్పలేదని. ఏడాదికి పైగా నేను సుధాకర్ రావు గారితో వాదించానే తప్ప, ఒక్కసారి కూడా పక్కన నిలబడి దారి చూపించలేదు. ఆ తర్వాత నేను రిటైరయ్యే దాకా, ఏ చెట్టు మీద ఎవరు ఫిర్యాదు చేసినా, యాదగిరిని తోడిచ్చి ఆ హోల్ ఇంకోసారి ఆడి రమ్మనేదాన్ని. తిరిగొచ్చి కూడా అదే ఫిర్యాదు చేసినవాళ్లు ఇద్దరే. వెళ్లి చూశాను. రెండూ ఆస్ట్రేలియా తుమ్మలు, నిజంగానే అడ్డంగా ఉన్నాయి. కొట్టించేశాను.