చదివి వినిపించని ప్రశ్న

నా భార్య ఒడిశాలో బరంపురం దగ్గరి సోనేపూర్ సర్కారు బడిలో తెలుగు పిల్లలకు తెలుగులోనే లెక్కలు చెప్పేది. అందరూ జాలర్ల ఇళ్ల పిల్లలు. ఒడియా గలగలా మాట్లాడతారు, చదవమంటే మాత్రం కూడబలుక్కుంటారు. ప్రశ్నపత్రాలు ఒడియాలోనే వచ్చేవి. ఆమె ఒక్కో ప్రశ్ననూ తెలుగులో చదివి వినిపించేది, పిల్లలు లెక్క చేసేవారు. చాలా ఏళ్లు అలాగే గడిచింది. ఎవరూ తప్పు పట్టలేదు.

ఆ ఏడు రాష్ట్రమంతటికీ ఒకే పరీక్ష పెట్టారు. మార్కులు తగ్గితే తెలుగు తరగతులు ఎత్తేస్తామని ముందే చెప్పారు. పరీక్ష రోజు ఆమెకు జ్వరం. బరంపురంలో మేముండే లంజిపల్లి నుంచి స్కూటర్ మీద నేనే తీసుకెళ్లి, బడి వరండాలో కూర్చున్నాను.

పర్యవేక్షణకు వచ్చినాయన మర్యాదస్తుడే. ఆమెను గది బయటికి పిలిచి నెమ్మదిగా ఒడియాలో చెప్పాడు: "చదివి వినిపిస్తే సాయం చేసినట్టే, మేడమ్. పరీక్ష రద్దవుతుంది."

ఆమె లోపలికి వెళ్లింది. ముందు బెంచీలో పిల్ల తలెత్తింది.

"మేడమ్, ఏటి రాసున్నాదో సదివి సెప్పండి."

ఆమె కిటికీ వైపు తిరిగి నిలబడింది.

"ఇయాల మేడమ్‌కి నోరు పడిపోనాదే," అని ఆ పిల్ల పక్కపిల్లతో అంది. ఇద్దరూ నవ్వారు. కాసేపటికి ఆ నవ్వు కూడా ఆగిపోయింది.

ఫలితాలు వచ్చాక పై అధికారులు ఒకటే అడిగారు: ఇన్నేళ్లూ ఏం బోధించారు? మరుసటి ఏడు తెలుగు తరగతులు తీసేశారు. ఆమెను తెలుగు పిల్లలే లేని బడికి మార్చారు. అప్పటినుంచి ఇంట్లో బడి సంగతులు చెప్పడం మానేసింది. పోయిన చలికాలంలో చనిపోయింది. గుండె అన్నారు డాక్టర్లు. నేను వేరే కారణం వెతకలేదు.

ఈమధ్య ఒక ఉదయం చేపలకని సోనేపూర్ వెళ్లాను. బడి నడిచే వేళ. ఆ ముందు బెంచీ పిల్ల, తన తల్లి పక్కన కూర్చుని చేపలు ఏరుతోంది.

"తాతా, మేడమ్ రానేదా?"

చెప్పాను. తల్లి "అయ్యో బాబూ" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బడి మాట నేను అడగకపోయినా తనే చెప్పింది: "ఒడియా బడికి పంపినాం బాబూ. నాల్రోజులెల్లి మానేసింది."

పిల్ల తలెత్తలేదు. "ఆ రోజు మా మీద కోపమా మేడమ్‌కి? మేం ఏటి సేసినామని?"

కోపం కాదమ్మా, చదివి వినిపించొద్దని ఆ రోజు పరీక్ష చూడ్డానికొచ్చినాయన ఆపాడు, అన్నాను.

"మరి ఆ మాటేనా మాకు సెప్పొచ్చు గదా."

చెప్పొచ్చు. అందుకు ఏ నిబంధనా అడ్డు రాలేదు. నేను చేపలు కొనుక్కుని బరంపురం బస్సెక్కాను.