సేఫ్టీ వాల్వుకు కట్టిన గుమ్మడికాయ

1954. దసరా వెళ్లి వారమైంది. నేను బాయిలర్ ఇన్‌స్పెక్టరుగా కర్నూలు, కడప జిల్లాలు తిరుగుతున్న కాలం. కోడుమూరు దగ్గర ఒక శనక్కాయ నూనె మిల్లుకు తనిఖీకి వెళ్లాను. యజమాని సుంకిరెడ్డి. ఆయన కొడుకు మద్దిలేటి మద్రాసులో మెకానికల్ ఇంజనీరింగు చదివి ఆ ఏడే పట్టా తెచ్చుకున్నాడు. ఆ పట్టాకు అద్దం కట్టించి, ఆఫీసు గదిలో దేవుడి పటాల వరుసలో వేలాడదీశారు. దానికీ కుంకుమ బొట్టు పెట్టారు.

బాయిలరు అంటే నీటిని ఆవిరి చేసే పెద్ద ఇనుప పీపా. ఆవిరి ఒత్తిడి హద్దు దాటితే పగిలిపోతుంది. అలా పగలకుండా దాని నెత్తిన సేఫ్టీ వాల్వు ఉంటుంది. వాల్వును అదిమిపట్టే కడ్డీని లివర్ అంటారు, దాని మీద తూచి పెట్టిన బరువు ఒకటి. ఒత్తిడి హద్దుకు రాగానే ఆవిరి ఆ బరువును ఎత్తి, బుసకొడుతూ బయటికి పోతుంది. బరువు పెంచితే వాల్వు సమయానికి తెరుచుకోదు. ఇంతే శాస్త్రం.

ఆ లివర్ కొసకు, ఆయుధపూజనాడు దిష్టి తగలకుండా కట్టిన బూడిదగుమ్మడికాయ వేలాడుతోంది. ఒత్తిడి చూపే ప్రెషర్ గేజిలో ముల్లు ఎర్రగీత దాటి ఉంది. వాల్వు నోరు మెదపడం లేదు. కింద ఫైర్‌మన్ దావీదు పొయ్యిలోకి శనక్కాయ పొట్టు ఎగదోస్తున్నాడు.

ముందు పొయ్యిలోని నిప్పును బయటికి లాగించాను. ఒక్కపెట్టున ఆవిరి వదలడమూ ప్రమాదమే గనుక, మిల్లు నడిపే ఇంజన్ను తిరగనిచ్చి, అది ఆవిరిని వాడుకుని ముల్లు దిగేదాకా నిలబడ్డాను. గేజి చూడలేదా అని దావీదును అడిగాను. చూశాడట, చెప్పాడట కూడా. కాయ ఉన్నంతవరకు భయం లేదన్నాడట పెద్దరెడ్డి.

“మా చర్చిలో గుమ్మడికాయ ల్యాదు సార్. అది నన్ను గూడా కాపాడతాదో, రెడ్లనే కాపాడతాదో తెలీక సస్తాండా.”

ఇంజను సద్దు తగ్గేసరికి కొడుకును వెంటబెట్టుకుని సుంకిరెడ్డి వచ్చాడు. కోపంగా కాదు, గర్వంగా.

“ఏమప్పా, ముందు దినామూ బుసకొడతాండె. ఎవురి కన్నో తగిలింటాది. కాయ కట్టినంక చూడు, ఎంత గమ్మున ఉండాదో.”

నాకు ఒళ్లు మండింది. గొంతు పిసికి, అరుపు ఆగింది గనుక రోగం కుదిరిందన్నట్టుంది ఆయన మాట. అయినా ఆయన చదవనివాడు. నేను కొడుకువైపు తిరిగాను.

“లివర్ లెక్క నీకు తెలీదేమప్పా?”

“తెలుసు సార్. పరీక్షలో రాసినా.”

“మరి కాయ కట్టేటప్పుడు యాడుండావు?”

“ఈడే సార్. నిచ్చెన పట్టుకున్యా.” తల వంచుకున్నాడు. “నాయన మాటకు ఎట్ల అడ్డం చెప్పేది?”

విప్పమన్నాను. పండుగనాడు కట్టింది విప్పితే అరిష్టమని తండ్రి గట్టిగా అడ్డుపడ్డాడు.

“అంత మహిమ ఉంటే, రెడ్డిగారూ, కాయను అట్లే ఉంచుదాం. మీ కుర్చీ తెప్పించి దావీదు పక్కన వేసుకోండి. మళ్లీ నిప్పు రాజేయిస్తా.”

సుంకిరెడ్డి పొయ్యివైపు చూశాడు. దావీదువైపు చూశాడు. కుర్చీ తెమ్మనలేదు. మద్దిలేటి, తండ్రి ముఖం చూడకుండా, నిచ్చెనెక్కి తాడు విప్పాడు. ఈసారి నిచ్చెన పట్టుకున్నది దావీదు.

సాయంత్రం మళ్లీ ఆవిరి లేపాం. ముల్లు ఎర్రగీతను తాకగానే వాల్వు బుసకొట్టింది.

“ఇప్పుడు ఊపిరాడతాంది సార్,” అన్నాడు దావీదు.

మెకానికల్ డిగ్రీ చదివితే ఏమొస్తుందని విద్యార్థులు నన్ను అడుగుతుంటారు. వాళ్ల మనసులో ఉన్నది బంగళా, జీపు. నాయనా, లివర్ లెక్క వస్తుంది. దానితోపాటే, కింద నిలబడినవాడి ప్రాణం మీ మెడకు చుట్టుకుంటుంది. లెక్క రాని తండ్రి కాయ కట్టడం అజ్ఞానం. లెక్క వచ్చిన కొడుకు నిచ్చెన పట్టుకోవడం నేరం. బొట్టు పెట్టించుకుని గోడకెక్కే చదువు ఈ కరువు జిల్లాలకు దేనికి? తాడు విప్పడానికి చెయ్యి లేవనివాడు ఆ కాలేజీ సీటు వదిలిపెట్టాలి. పొయ్యి ముందు నిలబడేవాళ్ల ఇళ్లలోనూ పిల్లలున్నారు. వాళ్లకివ్వండి.