యానాం మామ్మగారి ఫ్రెంచి

మొన్న గురువారం మధ్యాహ్నం స్టేటస్ మీటింగ్‌లో ఉండగా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "అమ్మ పొద్దున పోయింది" అని, అంతే. పంపింది మామ్మగారి అమ్మాయి. మామ్మగారంటే ఇక్కడ న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో మా ఎదురు బిల్డింగ్‌లో కూతురి దగ్గర ఉండే యానాం ఆవిడ. మాకు చుట్టమేం కాదు, నాకూ, నాలాంటి ఇంకో ముగ్గురు తెలుగువాళ్ళకీ ఫ్రెంచి నేర్పిన గురువు. కెమెరా ఆపేసి కూర్చున్నాను. ఏడుపు కూడా రాలేదు. ఇన్నేళ్ళ అలసటంతా ఒక్కసారి మీద పడ్డట్టయింది.

పోవడానికి కొన్ని వారాల ముందు స్ట్రోక్ వచ్చి ఆవిడకి తెలుగు పోయింది. ఇంగ్లీషూ పోయింది. ఫ్రెంచి ఒక్కటే మిగిలింది. అలా జరగడం కద్దు అన్నారు డాక్టర్లు. కూతురికేమో ఫ్రెంచిలో ఒక్క ముక్క రాదు. ఆవిడ పోయేలోపు తల్లీకూతుళ్ళు ఒక్క మాటైనా మాట్లాడుకోగలరా అన్నదే ఆ కొన్ని వారాలూ మా అందరి బెంగ.

మేం ఫ్రెంచి మీద మోజుతో నేర్చుకోలేదు. ఉన్నమాట చెప్పడానికేం? హెచ్‌వన్‌బీ మీద ఏళ్ళు గడిచిపోయాయి, గ్రీన్‌కార్డ్ క్యూ కదలదు, పిల్లలు మాత్రం ఆగకుండా ఎదిగిపోతున్నారు. ఫ్రెంచి పరీక్ష గట్టెక్కితే కెనడావాళ్ళు తమ దేశంలో స్థిరపడేందుకు పాయింట్లు ఎక్కువిస్తారని ఎవరో చెప్పారు. ఆఫీసు కాల్స్ ముగించుకుని, మొహాలు వేలాడేసుకుని, సాయంత్రాలు ఆవిడ డైనింగ్ టేబుల్ చుట్టూ చేరేవాళ్ళం. పుస్తకం తెరవనిచ్చేది కాదు. "ముందు ఉప్మా తినండమ్మా. ఖాళీ కడుపుకి క్రియాపదాలు ఎక్కవు" అనేది.

ఓసారి ఆ పరీక్షలో ఉండేలాంటి ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెట్టింది. వీకెండ్‌లో ఏం చేస్తారని ఒక్కొక్కరినీ ఫ్రెంచిలో అడిగింది. నలుగురం తడుముకోకుండా, కుటుంబంతో కలిసి కొండలెక్కుతాం అన్నాం. అది వాట్సాప్ గ్రూపులో దొరికిన జవాబు. మాలో ఒక్కరూ కొండ ఎక్కిన పాపాన పోలేదు. ఇంజనీరింగ్ దాకా బట్టీ పట్టే వచ్చినవాళ్ళం, ఇంకోలా ఎలా చదవాలో మాకు తెలీదు.

"నలుగురూ ఒకే కొండెక్కారా? కిందెవరూ మిగల్లేదా?" అంది మామ్మగారు. తర్వాత నా వైపు తిరిగింది. "నిజంగా శనివారం ఏం చేశావే?"

"ఐసెలిన్‌లో మనవాళ్ళ షాపులకి వెళ్ళి కూరగాయలు తెచ్చుకుని, లాండ్రీ చేసుకుని పడుకున్నా మామ్మగారూ."

"అదే చెప్పు. తప్పులతో చెప్పు. అద్దె మాటలొద్దు."

చరిత్రలోకి వెళ్ళిందంటే ఇక ఆపలేం. ఫ్రాన్సులోని నార్మండీ నుంచి వచ్చినవాళ్ళు ఇంగ్లండ్‌ని గెలిచి, అక్కడి కోర్టుల్లో తమ మాటలు నాటేశారని చెప్పేది. "జడ్జీ, జ్యూరీ, మీరు రోజూ భయపడి చచ్చే వీసా పిటిషనూ, అన్నీ ఫ్రెంచివాళ్ళ దగ్గర పుచ్చుకున్నవే" అని నవ్వేది. ఒకప్పుడు యూరప్‌లో ఏ రెండు దేశాల రాయబారులు కూర్చున్నా ఫ్రెంచిలోనే మాట్లాడుకునేవారట. తర్వాత ఓడలెక్కి ఆ భాష కెనడాలోని క్యుబెక్‌కీ, ఆఫ్రికాకీ, వియత్నాంకీ, చివరికి గోదావరి ఒడ్డున ఉన్న వాళ్ళ యానాంకీ చేరింది. మా క్లాసులో కరీంనగర్ అతను ఒకడుండేవాడు. అతనికి విసుగొచ్చేది.

"పాయింట్లొస్తే చాలు మామ్మా, గీ చరిత్రంత మనకెందుకు?"

"ఎవరింట్లో అడుగు పెడుతున్నావో తెలుసుకోవద్దూ నాయనా?"

ఒకరోజు ఆవిడని మందుల షాపుకి డ్రైవ్ చేసి తీసుకెళ్ళాను. కౌంటర్‌లో ఉన్నావిడ యాస విని మామ్మగారు ఫ్రెంచిలో పలకరించింది. ఆవిడది హైతీ. ఇక వెనకున్న క్యూ సంగతి ఇద్దరికీ పట్టలేదు. కార్‌లో కూర్చున్నాక మామ్మగారు అంది: "దాని పూర్వీకుల్ని ఫ్రెంచివాళ్ళు ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చి చెరకుతోటల్లో బానిసలుగా పడేశారు. మా నాన్న వాళ్ళ కచేరీలోనే గుమాస్తా. మేమిద్దరం ప్యారిస్ మొహం చూళ్ళేదు. న్యూజెర్సీలో నిలబడి ఆ భాషలో మోకాళ్ళ నొప్పులు చెప్పుకున్నాం." మందుల సంచి ఒళ్ళో సర్దుకుంది. "మంచి భాషేనమ్మా. వచ్చిన దారే మంచిది కాదు."

ఆ దారి గురించి అంతకంటే చెప్పలేదు. నేనూ అడగలేదు, పరీక్ష తొందరలో ఉన్నాను.

స్ట్రోక్ వచ్చినప్పుడు హాస్పిటల్‌వాళ్ళు ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్‌ని ఇచ్చారు. ముద్దముద్దగా వచ్చే ఆ యానాం ఫ్రెంచి ఆయనకి అందలేదు. అక్క, అంటే మామ్మగారి కూతురు, నాకు ఫోన్ చేసింది. ఆఫీసులో చెప్పేసి వెళ్ళాను. మామ్మగారికి కుడిపక్క పడిపోయింది. మనిషి సగమైపోయింది.

"నువ్వే కొంచెం విని చెప్పవే" అంది అక్క. "నేను అమ్మా అంటే చాలు, నోటిమీద వేలేసుకుంటోంది. మొహం తిప్పేసుకుంటోంది. నామీద కోపమా? నేనేం చేశాను?"

మంచం పక్కన కూర్చుని చెవి దగ్గర పెట్టి చాలాసేపు విన్నాను. మొదట ఏమీ తెలియలేదు. ఆవిడ అదే మాట మళ్ళీ మళ్ళీ అంటోంది. మెల్లగా ఒక్కో ముక్కా అందింది. మెల్లిగా మాట్లాడు. తెలుగొద్దు. మొస్యూ వింటే ఇద్దర్నీ బల్ల ఎక్కించి కొడతాడు.

మొస్యూ అంటే అక్కడ మేష్టారు. ఆవిడ తన లెక్కన యానాంలో చిన్నప్పటి ఫ్రెంచి బడిలో ఉంది. పక్కన కూర్చున్న కూతురు ఆవిడ కళ్ళకి తోటిపిల్ల.

"కోపం కాదక్కా" అన్నాను. "నువ్వు దెబ్బలు తింటావని భయం."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇన్నేళ్ళలో నాకొక్కసారీ చెప్పలేదే" అంది.

నాకు వచ్చిన నాలుగు ముక్కలూ కూడదీసుకుని, తప్పులన్నిటితో, ఫ్రెంచిలోనే చెప్పాను. బడి అయిపోయింది. మొస్యూ ఇంటికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు మాట్లాడుకోవచ్చు.

మామ్మగారు నా వైపు చూసింది. తలుపు వైపు చూసింది. నమ్మకం కుదిరాక, పక్కనున్న చిన్న దిండుని ఎడమచేత్తో లాక్కుని, పలకలాగా చంకలో ఇరికించుకుంది. అదే చెయ్యి చాపి కూతురి చిటికెనవేలు పట్టుకుంది.

"పదవే" అంది, తెలుగులో.