యానాం బస్సులో ట్యాంకుల ఆట

ట్యాంకుల ఆట ఇద్దరు ఆడాలి. ఒకరు ముందుకెళ్ళి శత్రువుల్ని పేల్చాలి, ఇంకొకరు కింద ఇటుకల మధ్య కూర్చున్న పక్షిని కాపాడాలి. ఒక్కరే ఆడొచ్చు, ఆడాను కూడా, కానీ అదీ ఒక ఆటేనా! మా అన్నయ్య పోయి ఏడాది దాటింది. రాజమండ్రిలో నేనొక్కదాన్నే ఉంటాను. ఆదివారం చర్చి నుంచి వచ్చాక మళ్ళీ సోమవారం ఆఫీసుకెళ్ళేదాకా నాతో మాట్లాడే మనిషి ఉండదు. ఆ మధ్య ఓ ఆదివారం బీరువా మీద నుంచి చిన్ననాటి వీడియో గేమ్ సెట్టు దింపి, రెండో రిమోట్ చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఇది పట్టుకోవాల్సిన పిల్ల యానాంలో ఉంది కదా అనిపించింది. అన్నయ్య కూతురు బ్లెస్సీ, తొమ్మిదో తరగతి. వాళ్ళ నాన్న పోయిన దగ్గర్నుంచి ఫోన్లో "బాగున్నానత్తా" తప్ప ఇంకో మాట లేదు. ఆ పిల్ల కూడా నాకు దూరమైపోతుందేమోనని భయం పట్టుకుంది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఆడితే మాటలు అవే వస్తాయని ఆశపడ్డాను. మీ ఇళ్ళల్లో పిల్లలకీ పాత ఆటలు చూపించాలని ఉంటే, నా పాట్లు చదివి బయల్దేరండి.

శనివారం పొద్దున్న ఏడింటికి రాజమండ్రి కాంప్లెక్సులో అమలాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి ఉచితం, అందుకే సీటు కావాలంటే కాస్త ముందే వెళ్ళాలి. ఒళ్ళో ఉన్న అట్టపెట్టెను చూసి కండక్టర్ గారు "ఏంటండీ అది, మిక్సీయా?" అన్నారు. వీడియో గేమ్ అన్నాను. "పిల్లలకాండీ?" "నాక్కూడానండి." ఆయన నా నెరిసిన జుట్టు వంక ఓసారి చూసి, "ఆడుకోండి, ఆడుకోండి, ఏం పోయింది" అంటూ ముందుకెళ్ళిపోయారు. రావులపాలెం దగ్గర అరటిగెలల లారీలు అడ్డంపడి అరగంట ఆగిపోయాం. కిటికీలోంచే గెలలోంచి కోసిన ఓ అత్తం చక్కెరకేళీ అరటిపళ్ళు కొన్నాను. అమలాపురంలో కాకినాడ బస్సు మారితే అది యానాం మీదుగానే వెళ్తుంది. యానాం పుదుచ్చేరి కిందకొస్తుంది గనక ఉచితం ఎక్కడిదాకానో ఎక్కేముందే అడిగేయండి. ఎదుర్లంక వంతెన మీద గౌతమి గాలి మొహానికి కొట్టింది. ఇదివరకు వంతెన దిగేచోట అన్నయ్య బండేసుకుని నిలబడేవాడు. ఈసారి ఆటో మాట్లాడుకున్నాను.

వదిన "రా సువార్తా, ఎండలో పడి వచ్చావా" అని మంచినీళ్ళిచ్చింది. బ్లెస్సీ గదిలోంచి వచ్చి నవ్వీ నవ్వనట్టు నవ్వింది. తీరా చూస్తే వాళ్ళ కొత్త టీవీకి మా ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులు పెట్టే చోటే లేదు. బజారుకెళ్ళి ఓ మొబైల్ షాపులో కన్వర్టర్ కొనుక్కొచ్చేసరికి పన్నెండు దాటింది. కేసెట్ అడుగున ఊది సెట్టులో పెట్టాను. మా కాలంలో అందరం అలాగే చేసేవాళ్ళం.

"ఛీ, అత్తా! ఉమ్ము పడుతుంది!"

"ఊదకపోతే ఆడదే కోడలా."

బొమ్మ వచ్చింది. రిమోట్ చేతిలో పెట్టినా బ్లెస్సీ ముందు టీవీని వేలితో తాకి చూసింది. తర్వాత ఒక్కటే గోల. "సేవ్ లేదా? చచ్చిపోతే మళ్ళీ మొదట్నించా? ఇదేం అన్యాయమత్తా!" మూడు ట్యాంకులూ అయిపోగానే కాసేపు ఎదురుచూసి, "యాడ్ ఎప్పుడొస్తుంది?" అంది. యాడ్ చూస్తే ఇంకో లైఫ్ ఇస్తారట వాళ్ళ ఫోన్ ఆటల్లో. నేను పగలబడి నవ్వాను. తను నవ్వలేదు. ఇరవై నిమిషాలకల్లా రిమోట్ పక్కన పెట్టి ఫోన్ తీసుకుంది. ఇంత దూరం మోసుకొచ్చింది దీనికా అని ప్రాణం ఉసూరుమంది. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది.

నా మొహం చూసిందో ఏమో, ఫోన్లోంచి తలెత్తకుండానే "నాన్న దీన్లో చాంపియనా?" అని అడిగింది. ఆ గొంతులో ఆశ లేదు, ఎందుకో నాకు తెలుసు. ఏడాది నిండినప్పుడు చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. మా వాళ్ళలో అదొక పద్ధతి, ఒక్కొక్కరే లేచి పోయినవాళ్ళ గురించి సాక్ష్యం చెబుతారు. ప్రార్థనాపరుడు, కోపమెరగడు, అబద్ధమాడడు. నేనూ లేచి అవే మాటలు చెప్పాను. ఈ పిల్ల తలొంచుకుని అన్నీ వింది. ఇప్పుడూ అలాంటి పొగడ్తే ఇంకోటి వినడానికి సిద్ధపడి కూర్చుంది.

"చాంపియనా? మీ నాన్నా? మహా చెత్తగా ఆడేవాడే!" అన్నాను. "శత్రువుల్ని వదిలేసి నా ట్యాంకుని కొట్టేవాడు. మన పక్షిని తనే పేల్చేసి, నువ్వే పేల్చావని నా నెత్తిన మొట్టేవాడు. ఓడిపోతున్నాడంటే చాలు, కాలితో స్విచ్ ఆపేసి కరెంటు పోయిందనేవాడు."

బ్లెస్సీ ఫోన్ బోర్లా పెట్టింది. "నాన్న అబద్ధాలాడేవాడా?"

"ఆటలో ఒక్క నిజం చెబితే ఒట్టు!"

ఆ పిల్ల కడుపు పట్టుకుని నవ్వింది. రొయ్యల ఇగురు కలుపుతున్న వదిన గరిటెతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నవ్వి నవ్వి బ్లెస్సీ కళ్ళు తుడుచుకుంది, తుడుచుకున్నకొద్దీ కారుతూనే ఉన్నాయి. "ఎవరూ ఇలా చెప్పలేదత్తా. అందరూ ఫొటోలో ఉన్నాయన గురించే చెప్తారు." దగ్గరికి తీసుకుంటే వచ్చి నా భుజం మీద తల పెట్టింది. టీవీలో ఆట ఎప్పుడో ఆగిపోయింది, ఎవరం పట్టించుకోలేదు.

సాయంత్రం ఐదింటికి తిరుగు బస్సు. "సెట్టు మీరే తీసుకెళ్ళండత్తా, నేను ఆడను, ఏమనుకోకండి" అంది బ్లెస్సీ. పెట్టె మళ్ళీ నా ఒళ్ళోకి వచ్చింది. యానాంలో మందు చవక గనక బస్సులో చాలా సంచుల్లో సీసాలు గలగలమంటున్నాయి, నా పెట్టెలోనూ అవే ఉన్నాయనుకుని పక్కాయన కన్నుగీటాడు. ఆట ఆ పిల్లకి నచ్చలేదు. ఈ కాలం పిల్లలకి నచ్చాలని కూడా ఏం లేదు. మీరు వెళ్ళేటప్పుడు మాత్రం కన్వర్టర్ మీ ఊళ్ళోనే కొని, ఇంట్లో ఒకసారి పెట్టి చూసుకుని వెళ్ళండి, సగం రోజు మిగులుతుంది.

అమలాపురం దాటాక ఫోన్ మోగింది. బ్లెస్సీ మెసేజ్: "అత్తా, నాన్నకి ఇంకేం వచ్చేది కాదు?"

ఈత రాదని టైప్ చేశాను. సైకిల్ మీద నన్ను ఎక్కించుకుని కాలవలో పడేశాడని రాస్తూ, అది ఏ కాలవో గుర్తురాక ఆగిపోయాను. అడుగుదామంటే అమ్మా లేదు, నాన్నా లేరు, పడేసినవాడూ లేడు. ఇవన్నీ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. ఏదో ఒక కాలవలే అని రాసి పంపేశాను, వెంటనే ఇంకోటి మొదలుపెట్టాను.